కుక్కను దత్తత ఇవ్వడానికి ఇన్ని షరతులెందుకు? బెంగళూరు రెస్క్యూ సంస్థల పద్ధతి, దాని వెనక కారణాలు

క్లుప్తంగా: కుక్క చేతులు మారాక దాన్ని కాపాడే అధికారం ఇచ్చినవాళ్ల దగ్గర దాదాపు ఉండదు. చట్టంలో జరిమానా నామమాత్రం, అగ్రిమెంటును కోర్టులో అమలు చేయించడం కష్టం. అందుకే జాగ్రత్తలన్నీ ఇచ్చేముందే తీసుకుంటారు. ఓనరు అనుమతి, బాల్కనీ వల, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తామన్న హామీ వంటి షరతులకు గట్టి కారణాలున్నాయి. పెళ్లి, వయసు, సొంతిల్లు వంటి షరతులకు అంత బలం లేదు. అవి కుక్కలకే నష్టం చేసే సందర్భాలూ ఉన్నాయి.

బెంగళూరులో జాతి కుక్కను కొనడానికి డబ్బుంటే చాలు. చాలామంది అమ్మకందార్లు కొనేవాళ్ల ఇల్లెక్కడో కూడా అడగరు. బండి కింద పడి బతికి బయటపడిన ఒక దేశీ కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకోవాలంటే మాత్రం గూగుల్ ఫారం నింపాలి, ఫోన్‌లో ప్రశ్నలకు జవాబివ్వాలి, ఇల్లు చూపించాలి, ఓనరు ఒప్పుకున్నట్టు రుజువు తేవాలి, అగ్రిమెంటు మీద సంతకం పెట్టాలి. ఇంతా అయ్యాక "ఈ కుక్కకు మీ ఇల్లు కుదరదు" అని మెసేజ్ రావచ్చు. మారతహళ్లి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ చుట్టుపక్కల అద్దె ఇళ్లలో ఉండే తెలుగువాళ్లలో చాలామందికి ఈ జవాబు అవమానంగా అనిపిస్తుంది. 2023 లెక్క ప్రకారం నగరంలో దాదాపు 2.79 లక్షల వీధికుక్కలు ఉన్నాయి. అన్ని ఉండగా ఒకదాన్ని తీసుకెళ్తామంటే ఇంత ఆరా ఎందుకన్న ప్రశ్న సహజమే.

2025లో ఈ ప్రశ్నకు కొత్త ప్రాధాన్యం వచ్చింది. ఆగస్టు 22న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం వీధికుక్కల కేసులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, జంతుప్రేమికులు నగరపాలక సంస్థకు దరఖాస్తు పెట్టుకుని వీధికుక్కను దత్తత తీసుకోవచ్చు. ఆ కుక్క తిరిగి వీధిలోకి రాకుండా చూసే బాధ్యత కూడా తీసుకున్నవాళ్లదే. స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను తొలగించాలని, వాటిని తిరిగి అక్కడే వదలకూడదని నవంబరు 7న మరో ఉత్తర్వు వచ్చింది. షెల్టర్లలో చోటు ఇరుకవుతున్న కొద్దీ దత్తత అవసరం పెరుగుతుంది. తొందరపడి ఇచ్చేస్తే ఏమవుతుందన్న భయమూ దానితోపాటే పెరుగుతుంది.

సంతకం అయ్యాక మిగిలే అధికారం ఎంత?

షరతుల మూలం ఇక్కడుంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం, ఆకలిదప్పులతో అలమటించే పరిస్థితిలో జంతువును వదిలేయడం నేరం. పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేసి ఉంచడమూ నేరమే. మొదటిసారికి శిక్ష 10 నుంచి 50 రూపాయల జరిమానా. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. అరవై ఏళ్ల కిందటి ఆ అంకెలే ఇప్పటికీ ఉన్నాయి. చంపినా, అవయవాలు పోయేలా గాయపరిచినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు జైలు పడవచ్చు. కానీ "ఊరెళ్తూ వాచ్‌మన్‌కు ఇచ్చేశాం", "గేటు తీసుంటే పారిపోయింది" అనే మామూలు కేసులు ఆ సెక్షన్ దాకా వెళ్లవు.

ఇక అగ్రిమెంటు. చట్టం దృష్టిలో కుక్క చరాస్తి. వేరేవాళ్లకు ఇవ్వకూడదు, ఉంచుకోలేకపోతే మాకే తిరిగివ్వాలి, ఆపరేషన్ చేయించాలి అన్న నిబంధనలు ఒప్పందంగా చెల్లవచ్చు గాని, వాటి కోసం సివిల్ కోర్టుకు వెళ్లే డబ్బు, తీరిక ఏ చిన్న సంస్థకుంటుంది? ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు కుక్కల కోసం తిరిగే వాలంటీరుకు అది ఊహకందని పని. ఫోటోలు పంపడం మానేసి నంబరు బ్లాక్ చేస్తే కథ అక్కడితో సరి. తర్వాత చేయగలిగింది లేదు కాబట్టే ముందు అంతగా ఆరా తీస్తారు.

"కుదరకపోతే మళ్లీ వీధిలోనే వదిలేస్తాం, మొదట అక్కడిదేగా" అన్న మాట దరఖాస్తుల్లో తరచూ కనిపిస్తుంది. ఈ ఒక్క మాటతో తిరస్కరించే సంస్థలున్నాయి, అది సబబే. వీధికుక్కలు హద్దులు పెట్టుకుని బతుకుతాయి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు కూడా ఆపరేషన్ అయిన కుక్కను పట్టుకున్న చోటే వదలాలంటాయి, దానికి ఇదీ ఒక కారణం. ఆరు నెలలు సోఫా మీద పెరిగిన కుక్కను సర్జాపుర రోడ్డు పక్కన దించితే అక్కడి గుంపు మీద పడుతుంది. తోక ముడుచుకుని పక్కకు తప్పుకోవడం, బండ్ల మధ్య రోడ్డు దాటడం, ఏ హోటల్ వెనక ఎప్పుడు అన్నం పడేస్తారో కనిపెట్టడం దానికి రావు. మనిషి కనిపిస్తే దగ్గరికి పోవడం ఒక్కటే వచ్చు, దెబ్బలు కూడా అక్కడే తింటుంది.

ఫారంలో అడిగేవి, వాటి వెనక ఉన్నవి

మొదటి ప్రశ్న ఇంటి గురించే ఉంటుంది. జంతు సంక్షేమ బోర్డు 2015 ఫిబ్రవరి 26న జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు పెంపుడు కుక్కలను నిషేధించలేవు, లిఫ్టు వాడొద్దనలేవు. ఇది తెలిసినవాళ్లు ఓనరు అనుమతి ఎందుకని వాదిస్తారు. అసోసియేషన్ వేరు, ఓనరు వేరు. 11 నెలల అద్దె అగ్రిమెంటులో పెంపుడు జంతువులు కూడదని రాసుంటే, రెన్యువల్ రోజున కుక్కో ఇల్లో తేల్చుకోవాల్సి వస్తుంది. అందుకే వాలంటీర్లు ఓనరు నుంచి ఒక వాట్సాప్ మెసేజ్ అయినా చాలంటారు. "ఓనరు ఏమీ అనడు" అన్న నోటిమాటను మాత్రం లెక్కలోకి తీసుకోరు. పీజీల్లో ఉండేవాళ్లకు ఇవ్వకపోవడానికీ కారణం ఇదే. అక్కడ గది పంచుకునేవాళ్లు నెలనెలా మారతారు, వంటగది చేతిలో ఉండదు, పీజీ నడిపేవాళ్లు ఒక్క మాటతో ఖాళీ చేయించగలరు.

హోమ్ విజిట్‌లో ఇంటి వైభవాన్ని ఎవరూ చూడరు, కుక్క తప్పించుకునే దారులు చూస్తారు. బాల్కనీ రెయిలింగు కమ్మీల మధ్య నాలుగు అంగుళాల సందుంటే రెండు నెలల పిల్ల తల దూరుతుంది. తల దూరితే ఒళ్లూ దూరుతుంది. పావురాల కోసం కట్టించిన నైలాన్ వల పనికిరాదు, పళ్లు వచ్చే వయసు పిల్ల దాన్ని ఒక మధ్యాహ్నంలో కొరికేస్తుంది. స్టీలు తీగల గ్రిల్లో, కింది రెండడుగులకు గట్టి మెష్షో ఉండాలి. విడి ఇళ్లలో గేటు కింది ఖాళీ, పనిమనిషి వచ్చినప్పుడు తెరిచే వెనక తలుపు, మేడ మీద పిట్టగోడ ఎత్తు చూస్తారు.

బెల్టు గురించి అడిగితే కొందరు నవ్వుకుంటారు. కానీ కొత్త కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా మొదటి రెండు మూడు వారాల్లోనే, కారణం చాలాసార్లు బెల్టే. దేశీ కుక్క తల సన్నం, మెడ బలం. బండి హారన్‌కు బెదిరి వెనక్కి గుంజుకుంటే మామూలు బెల్టు చెవుల మీదుగా జారిపోతుంది. గుంజిన కొద్దీ కొంచెం బిగుసుకునే మార్టింగేల్ బెల్టు ఒకటి, ఛాతీకి వేసే హార్నెస్ ఒకటి, రెండింటికీ తాడు తగిలించి నడిపించాలి. బెల్టుకూ మెడకూ మధ్య రెండు వేళ్లు పట్టాలి, మూడో వేలు పట్టకూడదు. దీపావళి వారంలో కుక్కను ఇవ్వడానికి అనుభవమున్నవాళ్లు ఇష్టపడరు. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, పైన టపాసుల మోత. అది పారిపోతే వెనక్కి రావడానికి ఇల్లెక్కడో దానికింకా తెలియదు.

తర్వాతి ప్రశ్న, రోజుకు ఎన్ని గంటలు ఒంటరిగా ఉంటుందని. మూడు నెలల పిల్ల మూడు నాలుగు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు. ఇద్దరూ ఆఫీసుకెళ్లే జంట ఉదయం తొమ్మిదికి తాళం వేసి సాయంత్రం ఏడుకు వస్తే, ఆ పిల్ల తన మురికిలో తానే పడుంటుంది, ఏడుస్తుంది, తలుపు గీకుతుంది. పక్కింటివాళ్ల ఫిర్యాదు వస్తుంది, నెల తిరక్కుండా కుక్క వెనక్కి వస్తుంది. ఇలాంటి ఇళ్లకు రెండు మూడేళ్ల కుక్క చక్కగా సరిపోతుంది. స్వభావం అప్పటికే తెలిసి ఉంటుంది, బయటికి తీసుకెళ్లేదాకా ఆగగలదు, పగలంతా నిద్రపోతుంది. అయినా అందరూ అడిగేది రెండు నెలల పిల్లనే. వాలంటీరు పెద్ద కుక్కను చూపిస్తే, వద్దన్నదాన్ని అంటగడుతున్నారని అనుకోకపోవడం మంచిది.

ఆపరేషన్ విషయంలో ఎవరూ రాజీ పడరు, పడకూడదు కూడా. ఆడకుక్క సాధారణంగా ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య మొదటిసారి ఎదకు వస్తుంది, కడుపుతో ఉండేది 63 రోజులు. అంటే ఈ సంక్రాంతికి ఇచ్చిన పిల్ల వచ్చే సంక్రాంతికి నాలుగైదు పిల్లల తల్లి కావచ్చు. రెస్క్యూ చేసిన ప్రాణం మళ్లీ రెస్క్యూ అవసరమయ్యే ప్రాణాలను కనడం ఈ పనికే ఎసరు. అందుకే పెద్ద కుక్కలను ఆపరేషన్ అయ్యాకే ఇస్తారు. పిల్లల విషయంలో ఆరేడు నెలలకు చేయిస్తామని రాయించుకుంటారు, కొన్నిచోట్ల డిపాజిట్ తీసుకుని డాక్టర్ సర్టిఫికెట్ చూపాక తిరిగిస్తారు. "ఒక్కసారి పిల్లలు పెట్టాక చేయిస్తే ఆరోగ్యం" అన్న నమ్మకం మన ఇళ్లలో గట్టిగానే ఉంది. నిజం దీనికి తలకిందులు. మొదటి ఎదకు ముందు చేయిస్తే రొమ్ము కణుతుల ముప్పు బాగా తగ్గుతుంది, గర్భసంచికి చీము పట్టే పయోమెట్రా భయం ఉండదు.

టీకాల సంగతి కాస్త చిక్కు. కుక్కపిల్లల ప్రాణం తీసే అంటువ్యాధులు పార్వో, డిస్టెంపర్‌లకు కలిపి వేసే టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, రెండు నుంచి నాలుగు వారాలకోసారి పదహారు వారాలు నిండేదాకా వేయాలి. తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ పిల్లలో ఉన్నంతకాలం టీకాను పనిచేయనివ్వదు. అది ఏ వారంలో తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది, అందుకే అన్నిసార్లు వేస్తారు. రేబిస్ టీకా పన్నెండు వారాలకు, మళ్లీ ఏడాదికి. పార్వో క్రిమి నేలమీద నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌కు చావదు. ఒక పాలు బ్లీచింగ్ ద్రావణాన్ని ముప్పై పాళ్ల నీళ్లలో కలిపి, నేల ముందే కడిగి, పది నిమిషాలు తడిగా ఉంచితే చస్తుంది. "ఏడాదిలోపు మీ ఇంట్లో కుక్కపిల్ల ఏదైనా చనిపోయిందా?" అన్న ప్రశ్న బాధ కలిగించినా అడిగేది అందుకే. వీధిలోంచి తెచ్చిన పిల్లను వెంటనే ఇవ్వకుండా పది పద్నాలుగు రోజులు విడిగా ఉంచడానికీ ఇదే కారణం. పార్వో సాధారణంగా వారంలోపే బయటపడుతుంది, డిస్టెంపర్‌కు ఇంకొంచెం ఎక్కువ పడుతుంది.

ఇంట్లో అందరి సమ్మతి అన్నది పైకి మర్యాదలా కనిపించే షరతు. తెలుగు ఇళ్లలో దాని బరువు ఎక్కువ. ఫారం ఇంగ్లీషులో ఉంటుంది, కొడుకో కోడలో నింపుతారు. నెల్లూరు నుంచో కడప నుంచో వచ్చి ఆరునెలలు ఉండే అమ్మానాన్నలకు కుక్క వచ్చేదాకా సంగతే తెలియదు. పూజగది, మడి, ఆస్తమా, పాకే పసిబిడ్డ, వీటిలో ఏదో ఒకటి తర్వాత అడ్డొస్తుంది. అనుభవమున్న వాలంటీర్లు ఫోన్ పెద్దవాళ్లకు ఇమ్మని, వాళ్ల భాషలోనే అడుగుతారు.

తిండికి మాత్రం లెక్క ఉంది. 15 కిలోల ఆపరేషన్ అయిన పెద్ద కుక్కకు రోజుకు సుమారు 850 కేలరీలు కావాలి. వంద గ్రాములకు 350 కేలరీలుండే పొడి ఆహారమైతే రోజుకు 240 గ్రాములు, నెలకు ఏడు కిలోల పైన. వట్టి పెరుగన్నంతో కడుపు నిండుతుంది గాని మాంసకృత్తులు చాలవు. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ విషం. అలాగని శాకాహార కుటుంబమన్న కారణంతో కాదనడం సరికాదు. పోషకాలు లెక్కగట్టి తయారుచేసిన ఆహారం పెట్టడానికి వాళ్లు సిద్ధమైతే కుక్కకు లోటుండదు.

ఆన్‌సైట్ వస్తే ఏం చేస్తారు?

ఆఫీసు వేరే ఊరికో విదేశానికో పంపితే కుక్క సంగతేమిటని ఐటీ ఉద్యోగులను తప్పకుండా అడుగుతారు. హైదరాబాద్ బదిలీ అయితే దారి సులువే. రైలులో ఏసీ ఫస్ట్ క్లాస్ కూపే మొత్తం బుక్ చేసుకుంటే కుక్క వెంట వస్తుంది, లేదంటే బ్రేక్ వ్యానులో పంపాలి. కారులో తీసుకెళ్లడం ఇంకా మేలు. అమెరికా అయితే పని పెద్దది. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో భారత్ ఉంది. 2024 ఆగస్టు 1 నుంచి అమలైన నియమాల ప్రకారం కుక్కకు ఆరు నెలలు నిండాలి, చర్మం కింద పెట్టే గుర్తింపు మైక్రోచిప్ ఉండాలి, ఆ చిప్ వేశాకే రేబిస్ టీకా పడి ఉండాలి. మొదటి టీకా అయిన కనీసం 30 రోజులకు రక్తం తీసి గుర్తింపు పొందిన ల్యాబుకు పంపాలి, రక్తం తీసిన రోజు నుంచి 28 రోజులు గడిచాకే ప్రయాణం. ల్యాబు రిపోర్టు లేకపోతే అక్కడ దిగాక 28 రోజుల క్వారంటైన్, ఖర్చంతా మనదే. టీకా ముందు, చిప్ తర్వాత అయితే ఆ టీకా లెక్కకు రాదు, మళ్లీ మొదటికి వస్తుంది.

వీసా స్టాంపింగ్ అయిన రెండు వారాల్లో విమానం ఎక్కేవాళ్లకు ఈ గడువు చాలదు. కుక్క ఎవరో ఒకరి దగ్గర రెండు మూడు నెలలు ఉండాలి. "ఆ ఒకరు ఎవరు?" అని పేరు, ఫోన్ నంబరుతో సహా అడుగుతారు. దత్తత తీసుకున్న నెలలోనే చిప్ వేయించి, తర్వాత పడే రేబిస్ టీకాను చిప్ నంబరుతో పుస్తకంలో రాయించుకుంటే సగం పని అయినట్టే.

షరతులు హద్దు మీరితే

ఒక షరతు అవసరమా కాదా తేల్చడానికి ఒకే గీటురాయి పెట్టుకోవచ్చు: కుక్క మళ్లీ వీధిన పడే అవకాశాన్ని అది తగ్గిస్తుందా? బాల్కనీ వల తగ్గిస్తుంది. సొంతిల్లు ఉండాలనడం పెద్దగా తగ్గించదు, అద్దెకుండేవాళ్లను పక్కనపెడితే బెంగళూరులో సగం మంచి ఇళ్లు పోతాయి. బ్యాచిలర్లకు ఇవ్వం, ఇరవై అయిదు నిండకపోతే ఇవ్వం, ఇంతకుముందు కుక్కను పెంచి ఉండాలి వంటివి మనిషిని చూడకుండా గీసిన గీతలు. ముగ్గురు స్నేహితుల ఫ్లాటులో కుక్క ఎవరిదన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి ఒకరు పేరు రాసి సంతకం పెడితే జవాబు దొరుకుతుంది, తలుపు మూయనక్కర్లేదు.

అతి జాగ్రత్తకు మూల్యం చెల్లించేది కుక్కే. పిల్ల కొత్త మనుషులకు, శబ్దాలకు, ఇంటి వాతావరణానికి అలవాటు పడే వయసు మూడు నుంచి పద్నాలుగు వారాల మధ్య. అప్పుడు కెన్నెల్లో ఉండిపోయిన పిల్లకు మిక్సీ మోత, లిఫ్టు, గడ్డం ఉన్న మనిషి, అన్నీ జీవితాంతం భయాలే కావచ్చు. మచ్చలేని ఇల్లు దొరికేదాకా రెండు నెలలు ఆగితే, ఆ ఇల్లు దొరికేసరికి పిల్ల పిరికిదై, ఎవరికీ అక్కర్లేనిదవుతుంది. కిక్కిరిసిన షెల్టర్లో దగ్గు, పార్వో, పిడుదుల జ్వరం ఒకదాని నుంచి ఒకదానికి పాకుతాయి. మరోవైపు, కాదనిపించుకున్న కుటుంబం కుక్కను పెంచడం మానుకోదు, అమ్మేవాళ్ల దగ్గరికి వెళ్తుంది. 2017 నాటి నిబంధనల ప్రకారం బ్రీడర్లు రిజిస్టర్ చేసుకోవాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మకూడదు. అమలు అంతంతమాత్రం. అమెరికాలో చాలా షెల్టర్లు దరఖాస్తు తిరస్కరణల నుంచి మాట్లాడి సర్దుబాటు చేసే పద్ధతికి మారడానికి ఇలాంటి అనుభవమే కారణం. అక్కడ షెల్టర్ల వెనక స్థానిక ప్రభుత్వ యంత్రాంగం, చిప్ రికార్డులు ఉన్నాయి. ఇక్కడ ఒక వాలంటీరు, ఒక ఫోన్. అందువల్ల ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం గాని, సరిదిద్దగల లోపానికి తిరస్కరణ బదులు గడువు ఇవ్వడం ఇక్కడా సాధ్యమే. వల కట్టించి ఫోటో పంపండి, ఓనరుతో మాట్లాడించండి, ఈలోపు పిల్లను మీ పేర ఉంచుతాం అంటే ఇద్దరికీ మేలు.

అడగబోయేవాళ్లు చూసుకోవాల్సినవి

ఓనరు మెసేజ్, బాల్కనీ ఫోటోలు, దగ్గర్లోని వెట్ పేరు, ఊరెళ్తే కుక్కను చూసేవారి నంబరు ముందే సిద్ధం చేసుకుంటే సగం ప్రశ్నలు తీరిపోతాయి. గుర్తింపు పత్రం అడిగితే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వవచ్చు. కుక్కను చూపించకుండా రవాణా ఖర్చు, రిజిస్ట్రేషన్ ఫీజు అంటూ ముందే యూపీఐలో డబ్బు అడిగితే అది మోసమని అనుమానించాలి.

ప్రశ్నలు ఇటు నుంచి కూడా వెళ్లాలి. ఎక్కడ దొరికింది, ఎన్ని రోజులు విడిగా ఉంచారు, టీకా పుస్తకంలో స్టిక్కరు, డాక్టరు సంతకం ఉన్నాయా, పెద్ద కుక్క అయితే పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియా, బబీసియా జబ్బులకు రక్తపరీక్ష చేశారా, ఎవరినైనా కరిచిందా? చివరి ప్రశ్నకు జవాబు దాచే రెస్క్యూయర్ కూడా కుక్కకు ద్రోహం చేస్తున్నట్టే.

ఒకటి రెండు వారాలు ఫాస్టర్‌గా, అంటే తాత్కాలికంగా, ఉంచుకుని తర్వాత దత్తత ఖాయం చేసుకునే వీలుందేమో అడగడం అన్నిటికంటే ముఖ్యం. మొదటి మూడు రోజులు కుక్క మంచం కింద నక్కి తిండి ముట్టకపోవచ్చు. ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లని కుదుటపడటానికి మూడు నెలలు పట్టడం మామూలు. ఆ రెండు వారాల్లో జబ్బు చేస్తే వైద్యం ఖర్చు ఎవరిది, అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి, వెనక్కి ఇవ్వాల్సి వస్తే ఎన్ని రోజుల్లో తీసుకుంటారు అన్నవి అగ్రిమెంటులో రాయించుకోవాలి. చిప్ ఉంటే దాని మీది పేరు, ఫోన్ నంబరు దత్తత ఖాయమైన రోజే మార్పించుకోవాలి. అప్పటిదాకా కుక్క తప్పిపోతే ఫోన్ వెళ్లేది పాత వాలంటీరుకే.